ఒక్క సెమిస్టర్ జీవితాంతం వెంటాడాలా?

పరీక్షల ముందు రోజు రాత్రి మన హాస్టల్‌కి పాత విద్యార్థులు కొందరు చేతిసంచితో వస్తారు. జూనియర్ల గదిలో ఓ మూల చాప వేసుకుని చదువుకుంటారు. "పీజీ అయిపోయింది కదా అన్నా, మళ్లీ ఎందుకొచ్చావు?" అని అడిగితే, "ఇంప్రూవ్‌మెంట్ రా తమ్ముడూ" అని గొంతు తగ్గించి చెబుతారు, ఏదో తప్పు చేసినట్లు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముందని మేము అడుగుతున్నాం.

పీజీలో మనలో చాలామందికి మార్కులు తగ్గేది మొదటి సెమిస్టర్‌లోనే. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివి, ఒక్కసారిగా ఇంగ్లీషు పాఠాల ముందు కూర్చుంటాం. హాస్టల్ సీటు ఖరారయ్యే దాకా ఊరి నుండి బస్సులో తిరుగుతాం. పాఠం అర్థం కావడం మొదలయ్యేసరికి పరీక్షలు వచ్చి పడతాయి. అదే విద్యార్థి మూడో సెమిస్టర్‌కి క్లాసులో లేచి ప్రశ్నలు అడుగుతాడు. కానీ మార్కుల మెమోలో ఆ ఎదుగుదల కనిపించదు. మొత్తం కూడి, భాగించి ఒకే అంకె వేస్తారు.

ఆ అంకె ఏం చేస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఎం.ఏ.లో సెమిస్టర్‌కి 500 చొప్పున మొత్తం 2000 మార్కులు అనుకుందాం. ఒక విద్యార్థికి మొదటి సెమిస్టర్‌లో 210, తర్వాత వరుసగా 260, 262, 263 వచ్చాయి. మొత్తం 995, అంటే 49.75 శాతం. అధ్యాపక ఉద్యోగానికి అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌కు పీజీలో జనరల్ అభ్యర్థులకు 55 శాతం, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 50 శాతం ఉండాలి. పావు శాతమే కదా అని పైకి సవరించరు. ఐదు మార్కుల కోసం తలుపు మూసుకుంటుంది. ఒక్క పేపరు మళ్లీ రాసి ఐదు మార్కులు పెంచుకుంటే అదే తలుపు తెరుచుకుంటుంది.

ఇక్కడే చిక్కు ఉంది. ఫెయిలైన వాడికి సప్లిమెంటరీ ఉంటుంది. తక్కువ మార్కులతో పాసైన వాడి సంగతే విశ్వవిద్యాలయానికొక తీరుగా ఉంటుంది. ఎన్ని పేపర్లు రాయనిస్తారు, ఎన్నేళ్లలోపు రాయాలి, రెండింటిలో ఏ మార్కు లెక్కిస్తారు అనేవి చాలామందికి కోర్సు అయిపోయాక గానీ తెలియవు. అప్పటికి హాస్టల్ సీటు పోతుంది, స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. పేపరుకింతని ఫీజు కట్టాలి, చేస్తున్న కూలి పనికో ప్రైవేటు ఉద్యోగానికో సెలవు పెట్టాలి. కాగితం మీద అవకాశం అందరిదీ. చేతిలో నాలుగు డబ్బులు, పట్నంలో తల దాచుకునే చోటు ఉన్నవాడికే అది అందుతుంది.

మళ్లీ రాయనిస్తే మొదటిసారే కష్టపడి రాసినవారికి అన్యాయం జరగదా అని కొందరంటారు. ఈ మాటలో న్యాయం లేకపోలేదు. బంగారు పతకం, ర్యాంకు మొదటి ప్రయత్నంలో సాధించినవారికే ఇవ్వండి, మాకు అభ్యంతరం లేదు. కానీ అర్హత వేరు. నెట్ రాయడానికీ, పరిశోధనలో చేరడానికీ చూడవలసింది విద్యార్థికి ఇప్పుడు ఆ విషయం వచ్చా రాదా అని.

బాబాసాహెబ్ అంబేద్కర్ 1916లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరారు. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్ గడువు తీరడంతో 1917లో చదువు మధ్యలోనే తిరిగి వచ్చారు. 1920లో మళ్లీ వెళ్లి, 1921లో ఎం.ఎస్సీ. పూర్తి చేశారు. రూపాయి సమస్యపై డి.ఎస్సీ. కోసం రాసిన సిద్ధాంత గ్రంథాన్ని సవరించి తెమ్మన్నారు పరీక్షకులు. ఆయన సవరించి మళ్లీ సమర్పించి, 1923లో పట్టా పొందారు. ఆ గ్రంథాన్ని నేడు చదివేవారెవరూ అది ఎన్నోసారి సమర్పించిందని అడగరు. మధ్యలో ఆగిన చదువుకు తిరిగి వెళ్లే దారి ఉండబట్టే ఆయన వెళ్లగలిగారు.

అందుకే మేము కోరేవి మూడే. ఇంప్రూవ్‌మెంట్ నిబంధనలు పీజీలో చేరిన రోజే తెలుగులో నోటీసు బోర్డు మీద పెట్టాలి. రెండు మార్కుల్లో ఎక్కువ వచ్చినదే లెక్కించాలి. పరీక్షలు జరిగే రోజుల్లో పాత విద్యార్థికి హాస్టల్‌లో ఒక మంచం, రెండు పూటల అన్నం అధికారికంగా ఇవ్వాలి.

మిత్రులారా, మనం కూడా ఒక మాట ఒప్పుకోవాలి. "పోతే పోయింది, మళ్లీ రాసుకోవచ్చులే" అని సినిమాకు వెళ్లిన రాత్రులు మనకూ ఉన్నాయి. రెండో అవకాశం అడిగే హక్కు నిలవాలంటే మొదటి అవకాశాన్ని గౌరవించాలి. ఈసారి పరీక్షల ముందు రాత్రి చేతిసంచితో ఏ అన్న వచ్చినా ఎందుకొచ్చావని అడగవద్దు. మీ టేబుల్ దగ్గర కాస్త చోటివ్వండి.