దీప తిరిగి వెళ్ళకూడదన్నవాళ్ళు

రాజోలు దగ్గర ఒక ఊళ్ళో కొన్నేళ్ళ కిందట సాయంత్రం ఏడున్నర అయ్యేసరికి అరుగులన్నీ ఖాళీ అయిపోయేవి. కొబ్బరి పీచు పనికి వెళ్ళొచ్చిన ఆడవాళ్ళు కాళ్ళు కడుక్కుని, ఎవరింట్లో ఇన్వర్టరుంటే ఆ ఇంట్లో చేరేవారు. 2017 అక్టోబరు 16న స్టార్ మాలో మొదలైన 'కార్తీక దీపం' 2023 జనవరి దాకా నడిచింది. అన్నేళ్ళూ డాక్టర్ బాబు, వంటలక్క అన్న పేర్లు తెలియని ఇల్లు కోనసీమలో నాకు తగల్లేదు. 2020లో ఐపీఎల్ మ్యాచ్‌లు కూడా ఏడున్నరకే మొదలైనప్పుడు రిమోట్ కోసం ఇంటింటా పేచీలే. ఎనిమిదికి టీవీ కట్టేశాక అందరూ మళ్ళీ అరుగుల మీదికి వచ్చేవారు. అసలు సంగతి అప్పుడు మొదలయ్యేది. ఈ నెల నేను రాయదలచుకున్నది ఆ ఎనిమిది దాటాక వినిపించిన మాటల గురించి. వాటిలోనూ పదిమందికీ రుచించని మాటల గురించి.

సీరియల్ చూడనివారి కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. దీప నల్లపిల్ల. డాక్టర్ కార్తీక్ ఆమెని ఇష్టపడి పెళ్ళి చేసుకుంటాడు. అతన్ని తనవాణ్ణి చేసుకోవాలనుకున్న మోనిత అనే డాక్టరు, అతనికి పిల్లలు పుట్టే యోగం లేదని నమ్మిస్తుంది. దీప కడుపుతో ఉందని తెలియగానే అతను ఆమె శీలాన్ని అనుమానిస్తాడు. ఆమె ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది. పుట్టిన కవలల్లో ఒకపిల్ల తల్లి దగ్గర, ఒకపిల్ల తండ్రి ఇంట్లో పెరుగుతారు. దీప వంటలు చేసుకుని, 'వంటలక్క'గా బతుకుతుంది. వాళ్ళిద్దరూ ఎప్పుడు కలుస్తారా అన్న ఎదురుచూపు మీదే సీరియల్ ఏళ్ళకేళ్ళు నడిచింది.

పదిమంది మాట ఏమిటంటే, వాళ్ళు కలవాలి. ఎంత ఆలస్యమైనా సరే, కలిసి తీరాలి. డాక్టరై ఉండి ఒక్క డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుంటే తేలిపోయేదానికి ఇన్నాళ్ళు సాగదీస్తారేమిటని విసుక్కోని ప్రేక్షకులు లేరు. పరీక్ష జరగాలి, నిజం బయటపడాలి, మోనిత జైలుకి పోవాలి, దీప అత్తారింట్లో దీపం పెట్టాలి. నూటికి తొంభైమంది కోరిక ఇదే. ఆ కోరికని నేను తక్కువ చెయ్యను. విడిపోయిన ఇల్లు కలవాలని కోరడంలో తప్పేముంది?

కానీ ఆ అరుగు మీద ఒకామె ఉండేది. పదకొండేళ్ళు కువైట్‌లో ఒక అరబ్బు ఇంట్లో వంట చేసి వచ్చింది. మన రాజోలు, అమలాపురం, కొత్తపేట వైపు ఊళ్ళ నుంచి కువైట్‌కీ ఖతర్‌కీ మస్కట్‌కీ ఇంటిపనికీ వంటపనికీ వెళ్ళిన ఆడవాళ్ళు ఎందరో ఈ పత్రిక పాఠకులకి చెప్పనక్కరలేదు. ఇక్కడ ఏడున్నరైతే కువైట్‌లో సాయంత్రం అయిదు. మధ్యాహ్నం గిన్నెలు కడిగేసి, రాత్రి వంట అందుకునేలోగా దొరికే కాస్త ఖాళీలో ఫోను గోడకి ఆనించుకుని ఆమె అక్కడ కూడా ఈ సీరియల్ చూసిందట. "ఆయ్, నేను చెప్తానండి" అంటూ మొదలుపెట్టింది ఒక రాత్రి. "ఒక్కత్తే వండుకుని, పిల్లని పెంచుకుని, ఎవరి ముందూ చెయ్యి చాపని మనిషండి అది. ఆయనకి ఇప్పుడు నిజం తెలిసిందని మళ్ళీ ఎందుకెళ్ళాలండీ?"

ఒక్కసారిగా అందరూ ఆమె మీద పడ్డారు. "పిల్లలికి తండ్రి వద్దేటే?" అని పెద్దావిడొకరు కోప్పడ్డారు. "పిల్లల్ని చూసుకోమనండత్తా, ఎవరొద్దన్నారు? ఆయన మంచం ఈవిడెందుకు సర్దాలి?" అని ఈమె జవాబు.

ఆ రాత్రి ఆమెతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. గల్ఫ్ వెళ్ళొచ్చినవాళ్ళకి మొగుడంటే లెక్క ఉండదని ఎవరో మెల్లిగా అననే అన్నారు. ఆ మాట ఆమె చెవినీ పడింది. ఒక కల్పిత దంపతుల గురించి అభిప్రాయం చెప్పినందుకు తన సొంత కాపురం మీద మాట పడింది. మందికి నచ్చని అభిప్రాయానికి ఆడవాళ్ళు చెల్లించే ధర ఇలాగే ఉంటుంది. మళ్ళీ కొన్నాళ్ళ పాటు ఆమె సీరియల్ ఊసెత్తలేదు.

ఇంకో మాట ఒక రిటైరైన తెలుగు పంతులమ్మగారిది. మోనితకి పడే తిట్లలో సగం కార్తీక్‌కి పడాలని ఆవిడ వాదన. మోనిత అబద్ధం చెప్పింది, నిజమే. నమ్మింది ఎవరు? కట్టుకున్నదాని మాట వినకుండా మరొకరి మాటే వేదమనుకున్నది ఎవరు? మధ్యలో ఒక దుష్టురాలిని నిలబెడితే భర్త తప్పంతా ఆమె ఖాతాలో పడిపోతుంది, ఆయన కూడా మోసపోయిన మంచివాడై మిగిలిపోతాడు. ఈ కిటుకు మన సీరియళ్ళన్నిటిలోనూ ఉందని ఆవిడ ఒక్కొక్కటీ లెక్కపెట్టి చెప్పారు. శోభాశెట్టి మోనితగా ఎంత బాగా చేసిందంటే, ఆమె చాటున కార్తీక్ హాయిగా దాక్కున్నాడు. విమర్శ వ్యాసాలు చాలా అచ్చువేశాను గాని, ఇంత సూటి మాట వాటిలో అరుదుగా చూశాను.

డీఎన్‌ఏ పరీక్ష దగ్గర కూడా ఆ పంతులమ్మగారిది ఒంటరి మాటే. పరీక్ష ఎప్పుడు చేయిస్తారని అందరూ అడుగుతుంటే, అసలు పరీక్ష ఎందుకని ఆవిడ అడిగారు. అగ్గిలో దూకమన్నా, నెత్తురు ఇమ్మన్నా అడిగేది ఒకటే కదా అన్నారు. నా ఓటు కూడా ఆవిడకే. ఆ సీరియల్‌లో అసలు దోషం సాగదీత కాదు. నమ్మకం పోగొట్టుకున్నది భర్త అయితే, రుజువు తెచ్చుకోవలసినది భార్య అని ఒప్పేసుకోవడం. ఎన్ని వందల ఎపిసోడ్లు దాటినా ఆ లెక్క మారలేదు.

ఇలాంటి అడ్డుమాటలు మనకి కొత్తవీ కావు. మన అమ్మమ్మలు పాడుకున్న రామాయణం పాటల్లో లక్ష్మణుడి భార్య ఊర్మిళ ఉంది, రాముడి అక్క శాంత ఉంది. 'ఊర్మిళాదేవి నిద్ర'లో పద్నాలుగేళ్ళ తర్వాత గదిలోకి వచ్చిన లక్ష్మణుణ్ణి ఆమె పరాయి మగవాడనుకుని నిలదీస్తుంది. మరో పాటలో రాముడు సీతని అనుమానించినప్పుడు ఇంట్లో ఆడవాళ్ళు సీత పక్కన నిలబడతారు. వెల్చేరు నారాయణరావుగారు ఈ పాటల మీద రాసిన వ్యాసం 1991లో వచ్చాక పండితులు వీటిని పట్టించుకోవడం పెరిగింది. అంతకు ముందు ఎన్ని తరాలో అవి వడ్లు దంచేచోటా, పిల్లల్ని నిద్రపుచ్చేచోటా బతికాయి. లోకమంతా ఆదర్శ దంపతులనుకున్న జంట గురించి ఆడవాళ్ళు తమలో తాము చెప్పుకున్న వేరే తీర్పు అది. అరుగు మీద కువైట్ నుంచి వచ్చినామె అన్న మాటకి చుట్టాలు ఆ పాటల్లోనే ఉన్నారు.

పత్రికల్లో ధారావాహికలు నడిచే రోజుల్లో ఇలాంటి మాటకి కాస్త చోటుండేది. యద్దనపూడి సులోచనారాణి నవలల్ని వారం వారం చదివిన పాఠకురాళ్ళు నచ్చని మలుపు మీద ఉత్తరం రాస్తే, సంపాదకులు అచ్చువేసేవారు. టీవీకి ఉత్తరాల పేజీ లేదు. ఎంపిక చేసిన ఇళ్ళలో పెట్టిన మీటర్లున్నాయి. ఎవరు ఏ చానల్ ఎంతసేపు చూశారో మీటరు చెబుతుంది. కళ్ళొత్తుకుంటూ చూసినామె, పళ్ళు కొరుకుతూ చూసినామె దానికి ఒకటే. 2022 మొదట్లో దీప, కార్తీక్ కారు ప్రమాదంలో పోయినట్టు చూపించి కథని పిల్లల తరానికి మార్చారు. ప్రేక్షకులు ఒప్పుకోలేదు. అదే ఏడాది ఇద్దర్నీ వెనక్కి తీసుకొచ్చారు. పదిమంది మాట అంత బలంగా చేరగలిగింది. అమలాపురంలో డిగ్రీ చదువుకునే ఒక అమ్మాయి మాత్రం ఆ చావులతోనే కథ ఆగిపోయి ఉండాల్సిందని, దీపకి కనీసం అప్పుడైనా విశ్రాంతి దొరికేదని నాతో వాదించింది. ఆమె మాట ఎక్కడ చేరుతుంది?

ఇక రంగు సంగతి. ఈ సీరియల్ అభిమానులు నన్ను క్షమించాలి. నల్లపిల్ల కథ అని చెప్పి, తెల్లని మనిషికి నల్లరంగు పూశారు. దీపగా వేసిన ప్రేమి విశ్వనాథ్ మంచి నటి, సందేహం లేదు. మలయాళంలో దీనికి మూలమైన 'కరుత్తముత్తు'లో కూడా మొదట నాయికగా వేసింది ఆమే. తర్వాత ఈ కథ తమిళంలో 'భారతి కణ్ణమ్మ'గా, కన్నడంలో 'ముద్దులక్ష్మి'గా, మరాఠీ, హిందీల్లో కూడా తిరిగింది. నలుపుని చిన్నచూపు చూడవద్దని చెప్పే కథలో కూడా ఆ నలుపుతో పుట్టిన మనిషికి చోటు దొరకలేదు. మన చేలల్లో ఊడ్పుల వేళ ఎండకి మాడిన మొహాలు టీవీ ముందు కూర్చుని, మేకప్పు నలుపుని చూసి కన్నీళ్ళు పెట్టుకున్నాయి. ఆ అరుగు మీద ఈ మాట నేనే అన్నాను. ఎవరికీ నచ్చలేదు. "మా వంటలక్కనేం అనకండి" అన్నారు. అంత ప్రేమని తప్పుపట్టలేకపోయాను గాని, నా మాట కూడా వెనక్కి తీసుకోను.

2024 మార్చి 25న అదే జంటతో 'కార్తీక దీపం' రెండో భాగం కొత్త కథగా మొదలైంది. అరుగులు మళ్ళీ ఏడున్నరకి ఖాళీ కాకపోవచ్చు, ఫోనుల్లో ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు చూసుకుంటున్నారు. చూసిన తర్వాత పదిమంది కూడి వాదించుకోవడం తగ్గిపోతోంది, నాకు అదే బెంగ. కువైట్ నుంచి వచ్చినామెకి ఆ రాత్రి ఎంతమంది అడ్డు తగిలినా, కనీసం వినే చెవులున్నాయి. ఎవరి ఫోనులో వాళ్ళు చూసుకుంటే ఆ మాట పుట్టిన నోట్లోనే ఉండిపోతుంది.

అందుకని వచ్చే సంచిక నుంచి ఈ పత్రికలో రెండు పేజీలు ఆ మాటలకి కేటాయిస్తున్నాను. సీరియల్ జంట మీదైనా, సినిమా జంట మీదైనా, పురాణంలో జంట మీదైనా, మీ ఇంట్లో పైకి అంటే గొడవయ్యే అభిప్రాయం ఉంటే రాసి పంపండి. పేరు వద్దంటే వెయ్యం. మీ అమ్మో, పిన్నో, పక్కింటి అక్కో రాయలేకపోతే మీరు కూర్చుని రాసిపెట్టండి. ఆమె ఎలా అందో అలాగే రాయండి, మాట మార్చకండి.