తిట్టినవాడు ఉన్నాడు, తిట్టు చూపిన పేజీ పోయింది

కులదూషణను బయటపెట్టిన సోషల్ మీడియా పేజీ మూతపడింది. దూషించినవాడి ఖాతా మాత్రం చెక్కుచెదరలేదు. ఈ ప్రణాళిక మీద సంతకాలు చేస్తున్న దళిత, బహుజన యువతీయువకులను ఒక్కచోటికి చేర్చింది ఆ అన్యాయమే.

ఉద్యోగం వచ్చిన ఓ దళిత యువతి తన నియామక పత్రం ఫొటో పెట్టుకుంది. దాని కింద ఒకడు ఆమె కులం పేరెత్తి, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు బూతు రాశాడు. పేజీ నడిపేవారు ఆ వ్యాఖ్యను స్క్రీన్‌షాట్ తీసి, చుట్టూ ఎర్రగీత గీసి, ‘ఇది నేరం’ అని రాసి పెట్టారు. కంపెనీ దాన్నే విద్వేషంగా తేల్చి పేజీని తీసేసింది. అప్పీలు చేస్తే ఇంగ్లిషులో ఒక్క ముక్క జవాబు వచ్చింది: నిబంధనల ఉల్లంఘన. ఏ నిబంధన? చదివిందెవరు? వాళ్లకు తెలుగు వచ్చా? చెప్పే నాథుడు లేడు.

పత్రికల్లో చోటు దొరకని గొంతులకు ఈ సోషల్ మీడియా వేదికలే దిక్కయ్యాయి. 2016 జనవరిలో ప్రాణం తీసుకున్న పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల చివరి ఉత్తరం ఫోన్ నుంచి ఫోన్‌కు పాకి దేశమంతా చేరింది. 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టాన్ని నీరుగార్చినప్పుడు ఏప్రిల్ 2 బంద్ పిలుపు వాట్సాప్, ఫేస్‌బుక్‌ల మీదుగా ఊరూరా తిరిగింది. ఆగస్టుకల్లా పార్లమెంటు చట్టాన్ని సవరించక తప్పలేదు. అదే ఏడాది మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుడి హత్య తర్వాత న్యాయం కోరిన పోస్టులూ, హత్యను సమర్థించిన పోస్టులూ ఒకే తెర మీద పక్కపక్కనే కనిపించాయి.

ఆ రెంటికీ తేడా తెలియకుండా పోస్టులను జల్లెడపట్టే యంత్రానికి తీర్పు చెప్పే అధికారం ఎవరిచ్చారు?

సంతకందారుల అసలు డిమాండు ఒక్కటే. తెలుగు పోస్టు మీద తుది నిర్ణయం తెలుగు వచ్చిన, కులం సంగతి తెలిసిన మనిషి తీసుకోవాలి. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన మాదిగల దండోరా ఉద్యమంతో ఎందరో తమ పేరు చివర ‘మాదిగ’ అని తలెత్తుకుని రాసుకున్నారు. అదే మాట ఇంకొకడి నోట తిట్టవుతుంది. ఎవరు, ఎవరిని, ఏ ఉద్దేశంతో అన్నారో చూడకుండా పదాల జాబితాతో వెతికితే ఆత్మగౌరవం తొలగిపోతుంది, దూషణ మిగిలిపోతుంది. 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8.11 కోట్లు. ఇంతమందికి ప్రకటనలు చూపి సంపాదించే కంపెనీలు తెలుగు చదివే మనుషుల్ని పెట్టుకోలేమంటే ఎవరూ నమ్మరు.

ఇది ఎవరి దయాదాక్షిణ్యాల సంగతీ కాదు. పెద్ద వేదికలు తమంతట తాము ఒక పోస్టు తొలగించే ముందు కారణం చెప్పాలని, వాదన వినిపించే అవకాశం ఇవ్వాలని 2021 ఐటీ నిబంధనల్లోనే ఉంది. ఆన్‌లైన్ దూషణకూ అట్రాసిటీ చట్టం వర్తిస్తుందని 2022లో కేరళ హైకోర్టు స్పష్టం చేసింది.

కారంచేడు, చుండూరు దళిత హత్యాకాండల తర్వాత పుట్టిన తరం ఇది. ఊళ్లో వెలివాడను కూల్చడానికి బయల్దేరినవారు దాన్ని తెర మీద మళ్లీ కట్టనివ్వరు.

ఏకీభవించేవారు ఇవాళే మొదలుపెట్టండి. కులదూషణ కంటపడితే లింకు, తేదీ, స్క్రీన్‌షాట్ భద్రపరచండి. కంపెనీ ఫిర్యాదుల అధికారికి తెలుగులోనే రాయండి, జవాబూ తెలుగులోనే అడగండి.