అమ్మకి చెప్పకు అన్నాడా?

“యూరిన్ ఇన్ఫెక్షనే కదా డాక్టర్, మందు మారిస్తే పోతుందేమో!” అంటూ మూడోసారి వచ్చే తల్లిదండ్రులు నాకు కొత్త కాదు. పాస్‌కి వెళ్లాలంటే పిల్లాడికి ఏడుపు. మంట, చుక్కలు చుక్కలుగా రావడం, ఒక్కోసారి ఎరుపు. యాంటీబయాటిక్ వాడితే తగ్గుతుంది, ఆపితే మళ్లీ మొదలు. అప్పుడు నాకో అనుమానం వస్తుంది: లోపల ఏదైనా ఉందా?

ఉండొచ్చు. పిన్నీసు, పూస, వైరు ముక్క, ఇప్పుడైతే బొమ్మల సెట్లలో వచ్చే బుల్లి అయస్కాంత గోళీలు. ముక్కులో శనగగింజ పెట్టుకునే కుతూహలమే ఇక్కడా. కాకపోతే ముక్కు సంగతి చెబుతారు, ఇది చెప్పరు. సిగ్గు, తిడతారన్న భయం. ఈలోగా ఆ వస్తువు చుట్టూ మూత్రంలోని లవణాలు పేరుకుని రాయి కడుతుంది.

లోహమైతే ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తుంది. ప్లాస్టిక్ కనబడకపోవచ్చు, అందుకే అల్ట్రాసౌండ్ కూడా. అయస్కాంతమేమో అనిపిస్తే ఎమ్మారై జోలికి వెళ్లం, ఎందుకో వేరే చెప్పాలా! తర్వాత మత్తిచ్చి, సిస్టోస్కోప్ అనే సన్నటి కెమెరా గొట్టాన్ని మూత్రమార్గంలోంచి పంపి, బుల్లి పట్టకారుతో తీస్తాం. చాలావాటికి కోత అక్కర్లేదు. అయస్కాంత గోళీలే మొండివి. మూత్రాశయంలో ఒకదానికొకటి అతుక్కుని ముద్దకట్టేస్తాయి. ఒక్కొక్కటిగా విడదీసి లాగాలి, కుదరకపోతే పొత్తికడుపు దగ్గర చిన్న కోత పెట్టాల్సిందే. బటన్ బ్యాటరీ అయితే తెల్లారేదాకా ఆగం. తడి తగిలితే అది చుట్టూ ఉన్న కండని కాల్చేస్తుంది.

ఇదంతా మీకెందుకంటే, పిల్లలు చాలాసార్లు ముందు చెప్పేది అన్నకో అక్కకో. “అమ్మకి చెప్పకు” అని ఒట్టు కూడా వేయించుకుంటారు. నవ్వకండి, గ్రూపులో పెట్టకండి. పక్కన కూర్చుని అమ్మకి చెప్పించండి. ఇంట్లో ట్వీజర్‌తో లాగితే అది ఇంకా లోపలికి జారుతుంది. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి దారిలో ఏమీ తినిపించొద్దు. ఏ వస్తువు, ఎన్ని, ఎప్పుడు? ఇవి తెలిస్తే మాకు సగం పని అయినట్టే. అలాంటిదే ఇంకోటి ఇంట్లో ఉంటే పట్టుకురండి.

నర్సుని పక్కన పెట్టుకుని మేం పిల్లలతో విడిగా కాసేపు మాట్లాడతాం. ఇంకెవరైనా చేసిన పనేమో తెలుసుకోవాలి కదా. కొందరు తల్లిదండ్రులు నొచ్చుకుంటారు. అయినా అడుగుతాం.

తీసేశాక ఒకట్రెండు రోజులు మంట ఉంటుంది, నీళ్లు బాగా తాగించాలి. కొన్ని నెలల తర్వాతైనా సరే, ధార సన్నబడితే మళ్లీ తీసుకురండి. గాయం మానేటప్పుడు ఆ దారి ఇరుకయ్యే వీలుంది.