సంపాదకుని మాట: కష్టసహిష్ణుత



ఎండకన్నెరుగక, ఎదురుమాట వినక పెరిగినవాడు, కాలము వక్రించిన మొదటి దినముననే నీరుగారిపోవుట మనమెల్లరము చూచుచున్నదే. ఇందుకు భిన్నముగ, కష్టమునకు ఎదురేగిన జీవితమునకు ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశము పంతులుగారు ఉజ్జ్వలమైన నిదర్శనము.

బాల్యముననే తండ్రిని కోల్పోయిన ఆయనను, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూటి యిల్లు నడిపి, పరులకు వండి వడ్డించి, ఆ వచ్చిన నాలుగు డబ్బులతో పెంచిరి. అది విధి నెత్తిన వేసిన కష్టము. పిదప ఇంగ్లండునకేగి బారిస్టరై, మదరాసులో విశేషముగ ధనమార్జించుచున్న దినములలో, సహాయనిరాకరణోద్యమ పిలుపునకు స్పందించి, ఆ వృత్తిని త్యజించి, 1921లో 'స్వరాజ్య' పత్రికను స్థాపించి, దానికై తన ఆస్తిని ధారవోయుట ఆయన కోరి తలకెత్తుకొన్న కష్టము. 1928లో సైమను కమీషను బహిష్కరణవేళ, మదరాసు వీథిలో తుపాకుల యెదుట రొమ్ము చూపిన ఆ ధైర్యము, ఇట్టి దీర్ఘాభ్యాసము వలన సిద్ధించినదని మా విశ్వాసము.

దారిద్ర్యము స్తుతిపాత్రమని మేమనము. అన్యాయమును సహించుట ఓర్పు కానేరదు. అయినను, నడవగల దూరము నడచుట, అప్పుడప్పుడు ఒక పూట ఉపవసించుట, వాయిదా వేయుచు వచ్చిన కఠినకార్యమును నేడే తలపెట్టుట మొదలగు స్వల్పక్లేశములను స్వచ్ఛందముగ అలవరచుకొన్నవానికి, ఆపద వచ్చిననాడు మనసు చెదరదు. ఈ సంచికయందలి వ్యాసములు ఆ సాధనకు తోడ్పడవలెనని మా ఆకాంక్ష.

— సంపాదకుడు