బ్యాంకు బీమా వేరు, బ్రోకరు ఖాతా రక్షణ వేరు

నిజామాబాద్ యార్డుకు కొత్త పసుపు రావడం మొదలైతే వర్తకుల సొమ్ము రెండు చోట్ల చేరుతుంది. ఒకటి బ్యాంకులో కరెంటు ఖాతా. రెండవది వాయిదా బేరాల నిమిత్తం బ్రోకరు వద్ద కట్టిన మార్జిన్. రెండింటికీ రక్షణ ఉన్నదన్న మాట నిజమే. కాని రెండు రక్షణలూ ఒకటేనన్న భావం సరి కాదు. ఈ తేడా తెలియక నష్టపోయేది వర్తకుడే.

బ్యాంకు డిపాజిట్ల బీమా చట్టరీత్యా ఏర్పడినది. 1960లో కేరళలోని పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడిన దరిమిలా, 1962 జనవరి 1న ఇందుకై ప్రత్యేక కార్పొరేషన్ ఏర్పడింది. నాడు 1,500 రూపాయలుగా ఉన్న పరిమితి 1993లో లక్షకు, 2020 ఫిబ్రవరి 4న 5 లక్షలకు పెరిగింది. ప్రీమియం కట్టేది బ్యాంకే గాని డిపాజిటరు కాదు. బ్యాంకు రద్దయితే డిపాజిటర్ల జాబితాను లిక్విడేటరే పంపుతాడు.

అయితే ఈ 5 లక్షలు అసలు, వడ్డీ కలిపి. ఒకే బ్యాంకులో ఎన్ని శాఖల్లో వేసినా లెక్క ఒకటే. సొంత పేరున ఉన్న సొమ్మునూ, ఏకైక యజమానిగా నడిపే దుకాణం పేరున ఉన్న సొమ్మునూ కలిపే లెక్కిస్తారు. భాగస్వామ్య సంస్థ ఖాతాకు మాత్రం విడిగా పరిమితి ఉంటుంది.

బ్రోకరు ఖాతా స్వభావమే వేరు. డిపాజిటు తీసుకున్న బ్యాంకు బాకీదారు. ఆ సొమ్మును అప్పులిచ్చుకునే హక్కు దానికి ఉన్నది. బ్రోకరు వద్ద ఉన్న సొమ్ము ఖాతాదారుదే. దాన్ని బ్రోకరు సొంతానికి వాడరాదు. అంటే ఇక్కడ మొదటి రక్షణ బీమా కాదు, సొమ్మును వేరుగా ఉంచాలన్న నిబంధన. ఆ నిబంధన తప్పి, బ్రోకరును ఎక్స్ఛేంజి ఎగవేతదారుగా ప్రకటించిన తరువాతే మదుపుదారుల రక్షణ నిధి మాట వస్తుంది. అప్పుడు కూడా ఖాతాదారు తానే గడువులోగా, ఆధారాలతో క్లెయిము పెట్టుకోవాలి. పరిమితి ఒక్కో ఎక్స్ఛేంజిలో ఒక్కో విధంగా ఉంటుంది. ధర పడిపోయి వచ్చిన నష్టానికి ఈ నిధి బాధ్యత వహించదు. నెలకింత రాబడి ఇస్తానన్న మాట నమ్మి బ్రోకరు చేతిలో పెట్టిన సొమ్ముకు అసలే రక్షణ లేదు.

2019లో జరిగిన రెండు ఘటనలు ఈ తేడాను చూపాయి. ఆ సెప్టెంబరులో ముంబయిలోని పీఎంసీ బ్యాంకుపై ఆంక్షలు పడి, డిపాజిటర్లకు తొలుత 1,000 రూపాయలకు మించి తీసుకునే వీలు లేకపోయింది. 2022 జనవరిలో ఆ బ్యాంకు యూనిటీ స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులో విలీనమైనప్పుడు 5 లక్షల వరకు బీమా ఆదుకున్నది. అంతకు మించి ఉన్నవారికి మిగిలిన సొమ్ము ఏళ్ల తరబడి వాయిదాలలో అందవలసి వచ్చింది.

అదే ఏడాది నవంబరులో హైదరాబాదు కేంద్రంగా ఉన్న కార్వీ స్టాక్ బ్రోకింగ్‌పై సెబీ చర్య తీసుకున్నది. ఖాతాదారుల షేర్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చినట్టు తేలింది. డిసెంబరులో చాలామందికి షేర్లు తిరిగి జమ అయ్యాయి. కాని ఆ సంస్థను ఎగవేతదారుగా ప్రకటించింది 2020 నవంబరులో. అందాకా క్లెయిముదారులు వేచి చూడక తప్పలేదు.

సీజనులో రోజుకు లక్షల్లో చెల్లింపులు జరిపే వర్తకుడికి 5 లక్షల బీమా చాలదు. రక్షణ నిధి అంత త్వరగా రాదు. కనుక నిల్వ సొమ్మును ఒకే బ్యాంకులో ఉంచకుండా రెండు మూడు చోట్ల ఉంచడం, మార్జిన్‌కు మించిన సొమ్మును బ్రోకరు వద్ద వదలక వెనక్కి తెచ్చుకోవడం విజ్ఞత. మూడు నెలలకో, నెలకో లెక్క తేల్చి మిగులు తిరిగి ఇవ్వాలన్న నిబంధన ఉండనే ఉన్నది. అడిగి అమలు చేయించుకోవాలి. కాంట్రాక్టు నోట్లను చిత్తు కాగితాలుగా చూడరాదు. రేపు క్లెయిముకు అవే ఆధారం.

ఎక్స్ఛేంజీల బాధ్యత కూడా లేకపోలేదు. రక్షణ నిధి పరిమితినీ, అది వర్తించని సందర్భాలనూ ప్రతి కాంట్రాక్టు నోటుపై తెలుగులో ముద్రించడం కష్టమైన పని కాదు. రక్షణ ఉన్నదని చెప్పేవారు, ఎంతవరకు ఉన్నదో కూడా చెప్పాలి.