గో గ్రీన్ అన్న పాలిస్టర్ చొక్కా

మొన్న జూన్ 5న మా ఆఫీసులో తలో టీషర్టు పంచారు. పర్యావరణ దినోత్సవం కదా! మీద ‘గో గ్రీన్’ అని ఉంది. బట్ట చూస్తే పాలిస్టర్. అంటే పెట్రోలియం నుంచి పుట్టిన ప్లాస్టిక్ దారం. పైగా ఒక్కోటీ ఒక్కో ప్లాస్టిక్ కవర్లో! ఇంటికెళ్ళి బీరువా తీస్తే అలాంటివి ఇంకో పదకొండు. రిలీజుకొకటి, టీమ్ ఔటింగుకొకటి. మా ఆవిడ తుడుపుగుడ్డలుగా వాడదామని చూసింది. నీళ్ళు పీల్చవు, దానికీ పనికిరాలేదు.

ఇదే మాట లంచ్‌లో అంటే, మా టీమ్‌లో ఒకడు "నువ్వేసుకున్న చొక్కా మాత్రం ఏం పొడిచింది?" అన్నాడు. నేనేసుకున్నది మల్ఖా. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయా, ఇప్పుడు చెప్తా.

మల్మల్, ఖాదీ కలిస్తే మల్ఖా. హైదరాబాదు కేంద్రంగా ఉజ్రమ్మ గారూ, ఇంకొందరూ కలిసి నిలబెట్టిన చిన్న ప్రయత్నం. మామూలుగా ఏం జరుగుతుందంటే, గింజ తీసిన దూదిని గట్టిగా అదిమి 170 కిలోల బేలు కడతారు. లారీల్లో ఎక్కడో ఉన్న మిల్లుకి పంపుతారు. అక్కడ యంత్రాలతో చితక్కొట్టి మళ్ళీ దూది చేస్తారు. ఒకప్పుడు ఇంగ్లండు మిల్లులకి ఓడల్లో పంపాలి కాబట్టి బేలు కావాల్సొచ్చింది. చేను పక్కనే నూలు తీసేటప్పుడు ఎందుకు? పక్క క్యూబికల్ వాడికి ఫైలివ్వడానికి జిప్ చేసి, అమెరికా సర్వర్లో పెట్టి, వాడిచేత అన్‌జిప్ చేయించినట్టుంది! జిప్ చేస్తే కనీసం డేటా పోదు. ఇక్కడ పోగు దెబ్బతింటుంది.

మల్ఖా వాళ్ళు ఆ బేలు తీసేశారు. దూదిని అదమకుండా చిన్న యంత్రాల మీద నూలు తీసి చేనేత మగ్గాలకిస్తారు. రంగులు కూడా నీలిమందు లాంటి సహజమైనవి. నాకర్థమైన సస్టైనబిలిటీ ఇదే, అక్కర్లేని స్టెప్పు తీసెయ్యడం. పాత పద్ధతి అలాగే ఉంచి పచ్చ ట్యాగు తగిలిస్తే, టెస్టింగ్ చెయ్యకుండా ‘టెస్టెడ్’ అని రాసుకున్నట్టే.

"రేటెక్కువ" అంటారు. నిజమే, ఎక్కువే. కానీ మరీ చవగ్గా వచ్చిందంటే, ఆ తేడా ఇంకెవరో కడుతున్నారని లెక్క. 2013 ఏప్రిల్‌లో ఢాకా దగ్గర రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా పోయారు. వాళ్ళు కుడుతున్నది మన మాల్స్‌లో దొరికేలాంటి బట్టలే. సేల్లో ఐదు కొని రెండే తొడిగే మనం, ఒకటి కొని ఐదేళ్ళు తొడిగితే లెక్క సరిపోదా?

"స్కేల్ అవ్వదు" అంటారు. ఒక్క పెద్ద సర్వర్ బదులు వంద చిన్నవి పెడితే ఎలా స్కేలవుతుందో రోజూ క్లయింటుకి చెప్పేది మనమే. ఊరికో చిన్న నూలు యూనిట్ అనగానే నమ్మకం పోతుందా?

అలాగని చేనేత అన్నవాడికల్లా దండం పెట్టమనను. మగ్గం మీద నేసినంత మాత్రాన ఆ పత్తికి పురుగుమందు కొట్టలేదని కాదు. అదీ అడగండి. చెప్పలేకపోతే కొనకండి.

2015 నుంచి ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. ఆ రోజు అందరం చేనేత వేసుకుని గ్రూప్ ఫోటో దిగుతాం. 8న మళ్ళీ పాలిస్టర్! ఈసారి టీషర్టు సైజు అడుగుతూ హెచ్ఆర్ మెయిలొస్తే ‘నాకొద్దు’ అని కొడుతున్నా. అదీ రిప్లై ఆల్.

తోడొచ్చేవాళ్ళెవరు?