అతుకు వేసేవారికి ఒక మాట

మా దుగ్గిరాల లాకుల వద్ద చీలే కాలువలన్నిటా పారేది కృష్ణ నీరే. గిట్‌లోని శాఖలన్నీ అలా ఒక తల్లి బిడ్డలు కానక్కరలేదు. మూలాలు వేరైన చరిత్రలను కలపమంటే, 2016లో వెలువడిన 2.9వ కూర్పు నుండి, ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప అది నిరాకరిస్తుంది. చెర్రీ పిక్ ఆజ్ఞకు ఆ పట్టింపు లేదు. ఒక కమిట్‌లోని మార్పును మాత్రమే తెచ్చి అతికిస్తుంది. చుట్టుపక్కల పంక్తులు పొసగితే చాలు, అర్థం మాట దానికి పట్టదు. అట్లా నేను తెచ్చుకున్న తేదీల సవరణ ఒకటి ఏ పేచీ లేకుండా అతికి, నెలనూ రోజునూ తారుమారు చేసింది. అది ఎక్కడిదో నాకే గుర్తులేక రెండు రాత్రులు వెదికాను (నవ్వకండి).

తెచ్చుకోవడం తప్పని నేననను, చెప్పకపోవడమే తప్పు. ‘-ఎక్స్’ జోడిస్తే మూల కమిట్ గుర్తు సందేశంలో నిలుస్తుంది. ఆ మూలం మరో రిపాజిటరీలో ఉంటే మాత్రం చదివేవారికి ఆ గుర్తుతో ప్రయోజనం లేదు. రిపాజిటరీ పేరూ, తెచ్చిన కారణమూ మన చేత్తోనే రాయాలి.